నేను కాల్చి మెత్తబరచిన తూటా కేసులు మా అబ్బాయి చెత్తబుట్టలో పడేశాడు. తప్పు ఎవరిది?

ఆటోనగర్_లేత్
బెజవాడ ఆటోనగర్‌లో 35 ఏళ్లు లేత్ మీద బతికినవాణ్ణి. ఇత్తడి గురించి నాకు ఒకరు చెప్పాలా అన్న ఉక్రోషంతోనే ఇది రాస్తున్నాను.

మొన్న వేసవిలో టెక్సాస్‌లో అబ్బాయి దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చాం. గ్రీన్ కార్డు వచ్చాక వాడికి రైఫిల్ పిచ్చి పట్టింది. .308 (గుండు అడ్డుకొలత, అంగుళాల్లో) ఒకటి కొన్నాడు. రేంజికి వెళ్లి కాల్చడం, ఖాళీ ఇత్తడి కేసులు ఏరుకొచ్చి గ్యారేజీలో బల్ల దగ్గర కూర్చుని వాటికే మళ్లీ ప్రైమరు (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ), మందు, గుండు పెట్టుకోవడం. రీలోడింగ్ అంటారట. ఒక కేసుని అయిదారు సార్లు, ఇంకా ఎక్కువ సార్లు కూడా వాడతారట. మనవాళ్ల బుద్ధి అక్కడికి వెళ్లినా పోదు అని మురిసిపోయాను.

ఒకరోజు డబ్బాలో నలభై కేసులు తీసి చూస్తే తొమ్మిదింటికి మూతి దగ్గర సన్నటి నిలువు పగులు. "పాతబడ్డాయి నాన్నా, మెడ పెళుసెక్కింది" అని వాటిని పక్కన పెట్టేశాడు. పెళుసెక్కిన ఇత్తడిని దారికి తేవడం నాకు తెలియదా? వాడు ఆఫీసుకు వెళ్లాక మిగతా ముప్పై ఒకటీ పట్టకారుతో పట్టుకుని గ్యాస్ టార్చి మీద మొత్తం ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాను. చింతపండు పెట్టి తోమాను. పెళ్లి బిందెల్లా మెరిశాయి.

సాయంత్రం వాడొచ్చి చూసి, నోరు మెదపకుండా ప్లయర్ తీసుకుని ఒక్కోదాన్నీ నొక్కి అప్పడం చేసి బుట్టలో పడేశాడు. ముప్పై ఒకటీ! రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇందులో నా తప్పేమిటో ఎవరైనా చెప్పండి.

కృష్ణలంక_కుర్రాడు
అంకుల్, అమెరికా వెళ్లి కూడా చింతపండుతో తోమారంటే మీకు దండం.

గుంటూరు_మిర్చి
మందు ఎక్కువైతే ప్రమాదం అని మా ఆవిడ రోజూ చెప్తుంది. అది తూటాలకి కూడా వర్తిస్తుందేమో.

డల్లాస్_బాబాయ్
లేత్ గారూ, ఏమీ అనుకోకండి. మీ అబ్బాయి చేసిందే కరెక్టు. నేనైతే ఇంకా గట్టిగా అరిచేవాణ్ణి.

.308 కేసు ఒకే ముక్క ఇత్తడి అయినా అన్నిచోట్లా ఒకే గట్టిదనం ఉండదు. మూతి, మెడ, భుజం (సీసాలా లావు గొట్టం మెడగా సన్నబడే చోటు) మెత్తగా ఉండాలి. అడుగు, అంటే ప్రైమరు కూర్చునే లావు భాగం, గట్టిగా ఉండాలి. పేలినప్పుడు మెత్తటి మెడ వ్యాకోచించి ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) గోడకు అతుక్కుని గ్యాసు వెనక్కి రాకుండా బిరడాలా ఆపుతుంది. అడుగు భాగంలో కొంత ఛాంబర్ బయటే ఉంటుంది. దానికి చుట్టూ గోడ ఆసరా లేదు. అక్కడ ఇత్తడి తన బలంతోనే నిలబడాలి.

ఎంత ఒత్తిడో తెలుసా? .308కి గరిష్ఠ పరిమితి 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు). మీ కారు టైర్లో 32 ఉంటుంది. మీరు ఎర్రగా కాల్చినప్పుడు అడుగు కూడా వెన్నలా అయిపోయింది. ఆ కేసు పేల్చితే అడుగు ఉబ్బి, ప్రైమరు ఊడి, లేదా అడుగే చిరిగి గ్యాసు బోల్టు (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే కడ్డీ) మీదుగా మొహానికి వచ్చేది. ఆ మొహం మీ అబ్బాయిది.

ఆటోనగర్_లేత్
మీరు చెప్పింది సగమే ఒప్పుకుంటాను. మెత్తటి లోహం సాగుతుంది, పగలదు. పెళుసుదే పగులుతుంది. బిందె కొట్టేవాళ్లని అడగండి. నాలుగు దెబ్బలు కొట్టగానే గట్టిపడుతుంది, మళ్లీ కొలిమిలో పెడతారు. ఎక్కడా బిందె సగం కాల్చడం నేను చూడలేదు.

లోహాల_మేడం
బిందెలో 62,000 పీఎస్ఐ ఉండదు కదండీ.

గుంటూరులో ఇంజినీరింగ్ కాలేజీలో మెటలర్జీ చెప్తాను, తుపాకీ ముట్టుకున్నదాన్ని కాదు, ఇత్తడి వరకే మాట్లాడతాను. మీ అనుభవం తప్పు కాదు. ఇత్తడిని చల్లగా ఉండగా ఒత్తినా సాగదీసినా గట్టిపడుతుంది. ప్రతి పేలుడుకీ మెడ సాగుతుంది, మళ్లీ డైలో (కేసుని పాత కొలతకి తెచ్చే అచ్చులో) పెట్టి నొక్కినప్పుడు కుదించుకుంటుంది. ఇలా అటూ ఇటూ అయిదారు సార్లు తిరిగేసరికి పగుళ్లు వస్తాయి. కాలిస్తే లోపలి రేణువులు కొత్తగా ఏర్పడి మెత్తబడుతుంది. ఉక్కులా కాదు, ఇత్తడిని నీళ్లలో వేసినా గట్టిపడదు. అది మీకు తెలిసే నీళ్లలో వేసి ఉంటారు.

కానీ బిందెకి కావలసింది ఆకారం. తూటాకి కావలసింది ఒకచోట మెత్తదనం, ఇంకోచోట బలం. ఫ్యాక్టరీలో ఒక బిళ్ల నుంచి లాగి లాగి గొట్టం చేస్తారు, అడుగుని అచ్చులో గట్టిగా నొక్కి తీర్చినప్పుడు దానికి గట్టిదనం వస్తుంది. చివర్లో మెడ భాగాన్ని మాత్రమే మంటకి చూపిస్తారు. మిలిటరీ కేసుల మెడ మీద నీలం, గోధుమ రంగు మరక కనిపిస్తుంది చూడండి, అదే ఆ మంట గుర్తు. 250 డిగ్రీల చుట్టుపక్కల నుంచే ఇత్తడి గట్టిదనం పోవడం మొదలవుతుంది. మీరు ఎర్రగా కాల్చారంటే దానికి రెట్టింపు కన్నా పైనే.

డల్లాస్_బాబాయ్
మేడం చెప్పిందే. ఇక్కడ మెడని అనీల్ చేసేవాళ్లు, అంటే కాల్చి మెత్తబరచేవాళ్లు, కేసులని నీళ్ల పళ్లెంలో అడుగు మునిగేలా నిలబెట్టి, మెడకి కొన్ని సెకన్లే మంట చూపిస్తారు. లేదా మిషన్లో తిప్పుతారు. వేడి కిందికి దిగకుండా చూడటమే అసలు పని.

అరిజోనా_ఎండలు
అందరూ లేత్ గారిని భయపెట్టేస్తున్నారు. నేను పదేళ్లుగా 9 ఎంఎం పిస్టల్ తూటాలు రీలోడ్ చేస్తున్నాను. ఒక్కో కేసు పది పదిహేను సార్లు, అనీలింగ్ లేదు గినీలింగ్ లేదు. మూతి పగిలితే పారేస్తా, అంతే. మూతి పగులుకి ఎవరూ చావలేదు.

డల్లాస్_బాబాయ్
బ్రో, 9 ఎంఎం పరిమితి 35,000. కేసు దాదాపు తిన్నటి గొట్టం, భుజం లేదు. దాని లెక్క రైఫిల్‌కి పెడితే ఎలా? ఆటోకి వేసే జాక్ లారీ కింద పెట్టినట్టుంది.

మూతి పగులు వల్ల పెద్ద ప్రమాదం లేదన్నది నిజమే. గుండు వదులవుతుంది, గురి తప్పుతుంది, కొంచెం గ్యాసు కారుతుంది. నాకు భయం మూతి పగులంటే కాదు, అడుగు దగ్గర అడ్డంగా వచ్చే పగులంటే. అది నా చేతిలోనే జరిగింది.

మూడేళ్ల క్రితం. అప్పట్లో నేను కొత్త. డైని బాగా కిందికి దించి, ప్రతిసారీ కేసు భుజాన్ని అవసరానికి మించి వెనక్కి నెట్టేసేవాణ్ణి. అలా అయితే ఛాంబర్లో కేసుకి ముందు ఖాళీ మిగులుతుంది. పేలగానే ముందు భాగం గోడకి అతుక్కుంటుంది, అడుగు వెనక్కి జరుగుతుంది. మధ్యలో, అడుగుకి కాస్త పైన, గోడ ప్రతిసారీ కొంచెం సాగి పలచబడుతుంది. బయటికి ఏమీ తెలియదు. నాలుగోసారి అనుకుంటా, పేల్చాక బోల్టు బిగుసుకుంది. కళ్లద్దాల మీద మసి. బలవంతంగా తెరిస్తే కేసు అడుగు మాత్రమే బయటికి వచ్చింది, మిగతా గొట్టం ఛాంబర్లోనే ఉండిపోయింది. కళ్లద్దాలు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను.

తర్వాత ఇంటికొచ్చి అదే డబ్బాలోని మిగతా కేసులు దీపం దగ్గర తిప్పి చూశా. ఆరింటికి అడుగుకి పైన మెరిసే సన్నటి గీత, చుట్టూ ఉంగరంలా. ముందే చూసి ఉంటే తెలిసేది.

ఆటోనగర్_లేత్
భుజం ఎంత నెట్టాలి? మాకు థౌలలో (అంగుళంలో వెయ్యో వంతుల్లో) చెప్పండి.

డల్లాస్_బాబాయ్
బోల్టు రైఫిల్‌కి ఒకటి రెండు థౌలు. నేను ఏడెనిమిది నెట్టేవాణ్ణి. గేజి పెట్టి కొలవకుండా డై పెట్టె మీది కాగితం చూసి బిగించేశాను.

ఆటోనగర్_లేత్
ఏడెనిమిది థౌలా! మా షాపులో అయితే కుర్రాణ్ణి చెంప పగలగొట్టేవాణ్ణి.

కృష్ణలంక_కుర్రాడు
లేత్ అంకుల్ ఒక్కసారిగా పార్టీ మార్చేశారు.

అరిజోనా_ఎండలు
సరే, రైఫిల్ విషయం ఒప్పుకున్నా. ఆ ఉంగరాన్ని బయట చూడటం కన్నా లోపల పట్టుకోవడం నయం. పేపర్ క్లిప్పుని సాగదీసి చివర కొద్దిగా కొక్కెంలా వంచి, మూతిలోంచి దించి లోపలి గోడ వెంట పైకి లాగాలి. అడుగుకి పైన ఎక్కడైనా గాడిలో పడి తట్టుకుంటే ఆ కేసు పని అయిపోయినట్టే. పది పైసల పరీక్ష.

ఇంకోటి, ప్రైమరు గూడు. ఒత్తిడి ఎక్కువైన కేసుల్లో గూడు వదులవుతుంది. కొత్త ప్రైమరు వేలితో నొక్కినా దూరిపోతుంటే అది వదులైనట్టే, దాని మీద దయ చూపించకండి.

లోహాల_మేడం
అడుగు మెత్తబడినా ఆ గూడే ముందు వదులవుతుంది. లేత్ గారి ముప్పై ఒకటీ ఆ బాపతే.

పటమట_పిల్లి
ఖాళీ కేసులు రేంజిలో కింద పడ్డవి ఏరుకుంటారు కదా, ఎవరు ఎన్నిసార్లు వాడారో ఎలా తెలుస్తుంది?

డల్లాస్_బాబాయ్
తెలియదు. అందుకే నావి నేనే ఏరుకుని, ఒక్కో విడతని ఒక్కో డబ్బాలో పెట్టి, ఎన్నోసారో చీటీ అంటిస్తా. అడుగున ముద్ర వేరువేరుగా ఉన్నవి కలపను. మిలిటరీ కేసుల గోడ సాధారణంగా మందం, లోపల జాగా తక్కువ. అదే మందు వేస్తే ఒత్తిడి పెరుగుతుంది. పొడవు కూడా చూడాలి. సాగి సాగి .308 కేసు 2.015 అంగుళాలు దాటితే మూతి వెళ్లి బ్యారెల్ మొదట్లో ఇరుక్కుని గుండుని బిగబట్టేస్తుంది. దాటకముందే కోసెయ్యాలి.

సుబేదార్_రిటైర్డ్
మీ అమెరికా కథలు బాగున్నాయి. ఇక్కడ కేసులు మళ్లీ నింపే గొడవ లేదు, ఉన్న తూటాలు చెడిపోయే గొడవే. సైన్యం నుంచి వచ్చాక పదకొండేళ్లు బ్యాంకు గార్డుగా చేశాను, 12 బోర్ డబుల్ బ్యారెల్‌తో. తూటాలు తోలు బెల్టులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. బెజవాడ ఉక్కపోత మీకు తెలుసు. ఇత్తడి టోపీ పచ్చగా చిలుము పడుతుంది, అట్ట గొట్టం అయితే తేమకి ఉబ్బుతుంది. ఉబ్బినది ఛాంబర్లో సగం దూరి ఆగిపోతుంది. బలవంతంగా కుక్కి బ్యారెల్ మూసేవాళ్లని చూశాను. అలా చెయ్యొద్దు. ఛాంబర్లో దానంతటది జారి కూర్చోకపోతే ఆ తూటాని పక్కన పెట్టెయ్యాలి.

ఒకసారి ఏటా జరిగే ఫైరింగ్ ప్రాక్టీసులో మా తోటి గార్డు ట్రిగ్గర్ నొక్కాడు. టక్ మంది, పేలలేదు. వెంటనే బ్యారెల్ వంచి తెరవబోయాడు. నేను అరిచి ఆపాను. బ్యారెల్ టార్గెట్ వైపే పెట్టి ముప్పై సెకన్లు కదలకూడదు. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. అది పేలలేదు, నిజమే. కానీ ఆ ముప్పై సెకన్లు చాలా పొడుగు.

ఇంకొకటి చెప్తాను. 12 బోర్, 20 బోర్ రెండూ ఉన్న ఇంట్లో తూటాలు ఒకే డబ్బాలో పెట్టకండి. నంబరు పెరిగితే గొట్టం సన్నం. 20 తూటా 12 బ్యారెల్లోకి జారి ముందుకు వెళ్లి ఇరుక్కుంటుంది. చూస్తే ఛాంబర్ ఖాళీగానే ఉంటుంది. వెనక 12 పెట్టి కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. 20 బోర్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే.

గుంటూరు_మిర్చి
నంబరు పెరిగితే సన్నం ఏమిటి సార్, మా చొక్కాలకి ఉల్టా?

సుబేదార్_రిటైర్డ్
బ్యారెల్లో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను. అందుకే 12. ఇరవై తూగితే ఒక్కోటీ చిన్నదే కదా.

లోహాల_మేడం
సుబేదార్ గారి ఉక్కపోత మాట వినగానే నాకు క్లాసులో ఏటా చెప్పే కథ గుర్తొచ్చింది. ఇది మన దేశం కథే.

బ్రిటిష్ సైన్యం ఇక్కడ ఉన్న రోజుల్లో వానాకాలం కదలికలు తగ్గేవి. తూటాలని గుర్రపు శాలల్లో దాచేవారు. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి కేసులు వాటంతటవే పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ కాలంలోనే వస్తుంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. కారణం 1921లో మూర్, బెకిన్సేల్, మల్లిన్సన్ అనే ముగ్గురు తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ, పైగా కేసుని లాగి తయారు చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు. ఈ మూడూ కలిసి రేణువుల మధ్యలో నెర్రెలు తెస్తాయి. 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు ఉండే తూటా ఇత్తడికి అమ్మోనియా అంటే బొత్తిగా పడదు. తయారయ్యాక తక్కువ వేడితో ఆ బిగువు సడలించడం దానికి మందు.

అందుకే అమ్మోనియా ఉన్న ఇత్తడి పాలిష్‌తో తూటా కేసులు తోమకూడదు. మన పల్లెటూళ్లలో లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు తూటాలని యూరియా బస్తాల గదిలో పెట్టడం కూడా అంతే. తేమ తగిలితే యూరియా నుంచి వచ్చేదీ అమ్మోనియానే.

బ్రాడీపేట_బామ్మర్ది
మా పెదనాన్న సరిగ్గా యూరియా గదిలోనే, బస్తాల పైన అటక మీద పెట్టేవాడు! ఇవాళే ఫోన్ చేస్తా.

సుబేదార్_రిటైర్డ్
ఫోన్ చెయ్యి. తూటాలు నువ్వు ముట్టుకోకు, లైసెన్సు ఆయనది.

ఆటోనగర్_లేత్
మేడం, మరి చింతపండు?

లోహాల_మేడం
చింతపండులో అమ్మోనియా లేదు, పులుపే. కాసేపు పెట్టి కడిగేస్తే చిలుము పోతుంది. రాత్రంతా నానబెడితే పైనున్న జింకు కరిగి గులాబి రంగు మచ్చలు తేలతాయి. మీరు ఎంతసేపు పెట్టారు?

ఆటోనగర్_లేత్
గులాబి రంగు వచ్చింది. బాగా శుభ్రం అయింది అనుకున్నాను.

అరిజోనా_ఎండలు
ఇక్కడ మేము ఎండిన మొక్కజొన్న బెండ్ల పొడిలో వేసి గిరగిరా తిప్పుతాం. ఆ దుమ్ములో ప్రైమరు తాలూకు సీసం ఉంటుంది, ఇంట్లో పిల్లలున్నచోట తిప్పకూడదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడిగే అన్నం ముట్టాలి.

అరండల్‌పేట_ప్లీడరు
అంతా చదివాను. కొందరికి చేతులు దురద పెడుతున్నట్టుంది కాబట్టి చెప్తున్నాను. మన దగ్గర ఇవేవీ చెయ్యకండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. తుపాకీ లైసెన్సు ఉంటే అది తూటా కొనుక్కోవడానికి, దగ్గర పెట్టుకోవడానికి. తయారీకి కాదు. 2019 సవరణ తర్వాత 25వ సెక్షన్ కింద తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడి సంగతి కూడా చెప్పాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు వేట లైసెన్సు లాంటి మినహాయింపులు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. ఆ చట్టంలో తూటా అంటే ఖాళీ కేసు, ప్రైమరు కూడా. లేత్ గారూ, మీ అబ్బాయి మాట్లాడకుండా ప్లయర్ తీసింది ఆ భయానికి కూడా అయ్యుండొచ్చు.

ఆటోనగర్_లేత్
అయ్య బాబోయ్. ఆ మాట వాడు నోరు తెరిచి చెప్పొచ్చు కదా!

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ ముప్పై ఒకటిలో ఒకటి బుట్టలోంచి తీసి గుర్తుగా బ్యాగులో వేసుకున్నాను.

అరండల్‌పేట_ప్లీడరు
టైపు చెయ్యడం ఆపండి.

కృష్ణలంక_కుర్రాడు
😂😂😂

ఆటోనగర్_లేత్
కంగారు పడకండి సార్. సామాను సర్దేటప్పుడు మా ఆవిడ చూసి తీసి పారేసిందట. ఇందాకే చెప్పింది. ఇన్నాళ్లూ ఏ అరలో పడిందో అని వెతుక్కుంటున్నాను.

అరండల్‌పేట_ప్లీడరు
మీ ఆవిడ గారికి నా నమస్కారాలు. బ్యాగులో తూటా దొరికి విమానాశ్రయంలో కేసు పడ్డవాళ్లు కోర్టుల చుట్టూ తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. అది సగం తూటా అని అక్కడ వివరించే ఓపిక ఎవరికీ ఉండదు.

లోహాల_మేడం
లేత్ గారూ, నా మాట మీద నమ్మకం లేకపోతే షాపులో మీరే చూసుకోండి. తూటా అక్కర్లేదు. గట్టి ఇత్తడి రాడ్ నుంచి రెండు ముక్కలు కొయ్యండి. ఒకదాన్ని మీ పద్ధతిలో ఎర్రగా కాల్చండి. రెండిటి మీదా ఒకే ఎత్తు నుంచి ఒకే బరువు సెంటర్ పంచ్ మీద పడేలా చేసి గుంట కొలవండి.

*(రెండు రోజుల తర్వాత)*

ఆటోనగర్_లేత్
చేశాను. ఊరికే పంచ్ కాదు, గొట్టంలోంచి అరకిలో బరువు జారవిడిచి చేశాను. కాల్చని ముక్క మీద చుక్క. కాల్చిన ముక్క మీద గుంట. కొలతలు అక్కర్లేదు, గోరు పెడితేనే తెలుస్తోంది. తర్వాత వైస్‌లో పెట్టి బిగించాను. కాల్చిన ముక్క మీద దవడల గాట్లు దిగాయి, రెండోదాని మీద గీతలే.

35 ఏళ్లుగా కాల్చి వంచడానికే కాల్చాను. కాల్చాక అది ఎంత మోస్తుంది అని ఎప్పుడూ ఆలోచించలేదు, ఆ అవసరం రాలేదు. అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. వాడు నవ్వి, "నేను కూడా చెప్పకుండా నొక్కేశాను నాన్నా, నీ మీద అరవలేక" అన్నాడు. ఏడెనిమిది థౌల సంగతి చెప్తే వాడు కూడా మొదట్లో అదే తప్పు చేశాడట. మళ్లీ తిట్టాను.

భుజం కొలవడానికి వాడికి గేజి ఒకటి కావాలట. లేత్ మీద అరగంట పని. చేసి కొరియర్ చేద్దామనుకుంటున్నాను.

అరండల్‌పేట_ప్లీడరు
వద్దు. తూటా తయారు చేసే యంత్రాలు కూడా చట్టం నిర్వచనంలో తూటా కిందికే వస్తాయి. మీ గేజి యంత్రమా, కాదా అని నేను కోర్టులో వాదించడం నాకు ఇష్టమే, మీకు ఖర్చు. అక్కడ దుకాణంలో కొనుక్కోమనండి.

ఆటోనగర్_లేత్
అయితే వాడికి ఆవకాయే పంపిస్తాను.

లోహాల_మేడం
కళాయి లేని ఇత్తడి డబ్బాలో మాత్రం పెట్టకండి.